బేస్‌బాల్ పట్టిక చదవడం – 4వ పాఠం: పదిన్నర ఆటల ముందంజ

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కలు చేసినవాళ్ళకి గెలుపు రేటుని (గెలిచిన ఆటల్ని ఆడిన ఆటలతో భాగిస్తే వచ్చేది) .673 అని మూడంకెల్లో రాయడం ఈపాటికి అలవాటైపోయి ఉంటుంది. ఈ వారం ఆ అంకెలతో వాదించడం నేర్చుకుందాం. ఒక్కో జట్టు 162 ఆటలాడే లీగ్‌లో అభిమానులకి అసలు పండగ జూన్, జూలై నెలలే. అప్పటికి ఎవరి పనీ అయిపోయి ఉండదు, ఎవరి పనీ ఖాయమై ఉండదు. నోరున్నవాడిదే రాజ్యం. ఆ నోటికి కాస్త లెక్క తోడైతే ఎలా ఉంటుందో చూద్దాం.

ఉదాహరణకి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2022 నేషనల్ లీగ్ ఈస్ట్ డివిజన్ (అయిదు జట్ల గుంపు) తీసుకుంటున్నాను. న్యూయార్క్ మెట్స్‌కీ అట్లాంటా బ్రేవ్స్‌కీ మధ్య నడిచిన పోటీ అది. ఎంచుకోడానికి ఇంకో కారణం కూడా ఉంది. న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కలా, అట్లాంటాకి ఉత్తరాన ఆల్ఫారెటా, కమింగ్ వైపూ తెలుగు కుటుంబాలు బోలెడు. కాబట్టి ఈ గొడవ మన ఇళ్ళలో కూడా జరిగే రకమే.

2022 జూన్ 1 రాత్రికి పట్టిక ఇదీ:

మెట్స్ – 35 గెలుపులు, 17 ఓటములు
బ్రేవ్స్ – 24 గెలుపులు, 27 ఓటములు

బ్రేవ్స్ అంతకుముందు ఏడాదే వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచిన జట్టు. ఇప్పుడేమో గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. ఆ రాత్రి ఎడిసన్‌లో ఉన్న మెట్స్ అభిమాని ఒకడు, కమింగ్‌లో ఉన్న వాళ్ళ అక్క మొగుడికి ఫోన్ చేశాడనుకుందాం.

"బావా, ఈ ఏడాదికి మీ కథ కంచికి."

"జూన్ ఒకటో తారీఖుకే కంచి బస్సెక్కించేస్తావేంట్రా?"

"పదిన్నర ఆటలు బావా! ఏం తిని పూడుస్తారు?"

ఇక్కడ ఆగుదాం. బామ్మర్ది చెప్పిన పదిన్నర ఎక్కణ్ణుంచి వచ్చింది? పట్టికలో 'జీబీ' అనే గడి ఉంటుంది, గేమ్స్ బిహైండ్ అని. ముందున్న జట్టుకి ఎన్ని ఆటలు వెనకబడి ఉన్నామో చెప్పే గడి అది. లెక్క చాలా తేలిక. గెలుపుల తేడా తియ్యండి: 35 లోంచి 24 పోతే 11. ఓటముల తేడా తియ్యండి: 27 లోంచి 17 పోతే 10. రెండూ కలిపితే 21. అందులో సగం 10.5. ఆ అర ఎందుకొచ్చిందంటే మెట్స్ అప్పటికి 52 ఆటలాడారు, బ్రేవ్స్ 51. ఆడిన ఆటలు సమానం కానప్పుడు ఈ అర తోక కనిపిస్తూ ఉంటుంది, కంగారు పడక్కర్లేదు.

పాత కాపులు జీబీ కన్నా ముందు ఓటముల వరుస చూస్తారు. మిగిలిన ఆట రేపు గెలవచ్చు గానీ, ఓడిన ఆట వెనక్కి రాదు. ఆ వరుసలో తేడా 10. అంటే ఇక్కణ్ణుంచి మెట్స్ బ్రేవ్స్ కన్నా పది ఎక్కువ ఓడితే తప్ప బ్రేవ్స్ సమానం కాలేరు.

ఇంతవరకూ బామ్మర్దిదే పైచేయి. పదిన్నర ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నకి మాత్రం జీబీ జవాబు చెప్పదు. దానికి రెండో లెక్క కావాలి. ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే.

మెట్స్‌కి ఇంకా 110 ఆటలున్నాయి, బ్రేవ్స్‌కి 111. మెట్స్ .673 వేగంతో చివరిదాకా ఆడితే 109 గెలుస్తారు. అంత ఎవరూ ఆశించరు కాబట్టి కాస్త తగ్గించి .600 అనుకుందాం. నికరంగా మంచి జట్టు వేగం అది. 110లో .600 అంటే 66. ముందున్న 35 కలిపితే 101. ఇప్పుడు బావ వైపుకి రండి. 101 అందుకోవాలంటే బ్రేవ్స్ ఇంకా 77 గెలవాలి. 111లో 77 అంటే .694.

ఈ .694ని పూర్తి సీజన్ మీద పెట్టి చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. 162 ఆటలకి అది 112 గెలుపులు. 162 ఆటల సీజన్లు మొదలయ్యాక 112 దాటినవి రెండే జట్లు: 1998 యాంకీస్ (114), 2001 సియాటిల్ మెరినర్స్ (116). అంటే బావ జట్టు ఉన్నట్టుండి చరిత్రలోకెల్లా గొప్ప జట్లలో ఒకటిలా ఆడాలి, అదీ నాలుగు నెలల పాటు. జూన్ 1న ఈ లెక్క చూసి బామ్మర్ది మీసం మెలేస్తే తప్పు పట్టలేం.

మరి జరిగిందేమిటి? మెట్స్ మిగతా 110లో సరిగ్గా 66 గెలిచారు. బ్రేవ్స్ మిగతా 111లో సరిగ్గా 77 గెలిచారు. ఇద్దరూ 101 గెలుపులు, 61 ఓటములు!

జూన్ 1 నుంచే బ్రేవ్స్ వరసగా 14 ఆటలు గెలిచేశారు. కారణాలు వెతికితే రెండు పేర్లు ముందుకొస్తాయి. మైకేల్ హ్యారిస్ అనే సెంటర్ ఫీల్డర్ మే 28న మొదటిసారి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అప్పటిదాకా మధ్యలో వచ్చి విసురుతున్న స్పెన్సర్ స్ట్రైడర్‌ని మే చివర్లో మొదటి పిచ్చర్‌గా దింపారు. ఆ ఏడాది నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాళ్ళ ఓటింగులో మొదటి రెండు స్థానాలూ వీళ్ళిద్దరివే. బామ్మర్దికి జూన్ 1 పట్టికలో కనిపించనిది ఇదే: ఆ 24–27లో ఎక్కువ భాగం ఆడిన జట్టూ, ఆ మర్నాటి నుంచి మైదానంలో ఉన్న జట్టూ ఒకటి కావు. అందుకే ఎవరైనా 'ఇప్పటిదాకా రికార్డు' అని మొదలుపెడితే, ఆ రికార్డు ఏ పదిమందిదని అడగడం మంచిది.

ఇక్కడ ఒక మాట. ఆ పోటీ ప్రస్తావన వస్తే చాలు, మెట్స్ చేతులెత్తేశారని అనేస్తుంటారు. నా దృష్టిలో అది అన్యాయం. .600 వేగంతో ఆడిన జట్టు చేతులెత్తేసినట్టు ఎలా అవుతుంది? చేతులెత్తెయ్యడం ఎలా ఉంటుందో చూడాలంటే ఇదే మెట్స్ 2007లో చేసింది చూడండి. 17 ఆటలు మిగిలుండగా ఫిలడెల్ఫియా ఫిల్లీస్ మీద 7 ఆటల ముందంజ. ఆ 17లో మెట్స్ గెలిచినవి 5, ఓడినవి 12. ఫిల్లీస్ 13 గెలిచి 4 ఓడారు. చివరికి ఫిల్లీస్ 89, మెట్స్ 88. అది చేతులారా పోగొట్టుకోవడం. 2022లో జరిగింది ఎదుటివాడు వచ్చి లాక్కోవడం. జీబీ గడి ఈ రెంటికీ తేడా చూపించదు, వాదనలో మాత్రం రెంటినీ ఒక గాటన కట్టకూడదు. వేరు చేయడానికి ఉపాయం: పాత తేదీకీ కొత్త తేదీకీ మధ్య ఇద్దరి గెలుపోటములూ విడివిడిగా రాసి, వేగాలు పక్కపక్కన పెట్టడం. అంతే.

రన్ డిఫరెన్షియల్ గురించి క్లుప్తంగా. చేసిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చేది. 'మీ గెలుపులన్నీ అదృష్టం' అని ఎవరైనా అంటే వాళ్ళ చేతిలో ఉండే ఆయుధం ఇదే. బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ చూపించిన సూత్రం: చేసిన పరుగుల వర్గాన్ని, రెండు రకాల పరుగుల వర్గాల మొత్తంతో భాగించండి. వచ్చేది ఆ జట్టుకి ఉండాల్సిన గెలుపు రేటు. 2021 సియాటిల్ మెరినర్స్ 697 పరుగులు చేసి 748 ఇచ్చారు. సూత్రం ప్రకారం 75 గెలవాలి. గెలిచింది 90! ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో వాళ్ళది 33–19. సీజన్ సగం నుంచీ 'ఈ అదృష్టం రేపో మాపో తిరగబడుతుంది' అని పక్క జట్ల వాళ్ళు అంటూనే ఉన్నారు, అది తిరగబడేలోపు సీజనే అయిపోయింది. (వాళ్ళ అప్పటి మేనేజర్ స్కాట్ సర్వైస్ మాది రన్ డిఫరెన్షియల్ కాదు, ఫన్ డిఫరెన్షియల్ అన్నాడు.) అయినా డివిజన్ దక్కలేదు, హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి 5 ఆటల వెనక ఆగిపోయారు. కాబట్టి ఈ సూత్రాన్ని వచ్చే నెలల మీద అంచనాకి వాడండి, అయిపోయిన గెలుపుల్ని కొట్టిపారెయ్యడానికి కాదు.

ఐపీఎల్ చూసేవాళ్ళు ఇక్కడ ఒకచోట బోల్తా పడతారు. అక్కడ పాయింట్లు సమానమైతే సాధారణంగా నెట్ రన్‌రేట్ తేలుస్తుంది. ఆ అలవాటుతో బేస్‌బాల్‌లో కూడా పరుగుల తేడా పనికొస్తుందనుకుంటారు. రాదు. 2022లో బ్రేవ్స్‌ది +180, మెట్స్‌ది +166. కానీ డివిజన్ బ్రేవ్స్‌కి దక్కింది అందువల్ల కాదు.

ముఖాముఖి ఆటల వల్ల. వివరంగా చూడాల్సిన చోటు ఇది.

అంతకుముందు డివిజన్‌లో ఇద్దరు సమానమైతే, అది తేలాల్సిన అవసరం ఉంటే, 163వ ఆట ఆడించేవాళ్ళు. 2022లో ఆటగాళ్ళ సంఘంతో కుదిరిన కొత్త ఒప్పందంతో అది పోయింది. సమానమైతే ఒకరి మీద ఒకరు ఎన్ని గెలిచారో చూస్తారు, అంతే. ఆ ఏడాది డివిజన్ ప్రత్యర్థితో 19 ఆటలు. ఆగస్టు మొదట్లో న్యూయార్క్‌లో అయిదు ఆటలాడి మెట్స్ నాలుగు గెలిచారు, ముందంజ ఆరున్నరకి పెరిగింది. అదే నెల మధ్యలో అట్లాంటాలో నాలుగు ఆడితే బ్రేవ్స్ మూడు గెలిచారు. అలా సెప్టెంబరు చివరికి 16 ఆటలయ్యేసరికి మెట్స్ 9, బ్రేవ్స్ 7. మిగిలినవి మూడు, సెప్టెంబరు 30 నుంచి, బ్రేవ్స్ సొంత మైదానం ట్రూయిస్ట్ పార్క్‌లో.

ఆ శుక్రవారం పొద్దున పట్టిక: మెట్స్ 98–58, బ్రేవ్స్ 97–59. ముందంజ ఒక్క ఆట. ఇప్పుడు బామ్మర్ది కుర్చీలో కూర్చుని లెక్కెయ్యండి. మూడింటిలో ఒక్కటి గెలిస్తే ముఖాముఖిలో 10 అవుతాయి. 19లో 10 అంటే ఇక బ్రేవ్స్ దాటలేరు, సమానమైతే డివిజన్ మనదే. పట్టికలో కూడా ఇద్దరూ 99తో సమానంగా నిలుస్తారు. అంటే మూడింట్లో ఒకటి చాలు. పైగా విసరబోయేది మెట్స్ మేటి పిచ్చర్లు జేకబ్ డిగ్రామ్, మ్యాక్స్ షెర్జర్, క్రిస్ బాసిట్.

శుక్రవారం డిగ్రామ్: 5–2 ఓటమి. శనివారం షెర్జర్: 4–2 ఓటమి. ఆదివారం బాసిట్: 5–3 ఓటమి.

ముఖాముఖి 10–9 బ్రేవ్స్‌కి. పట్టికలో ఒకటి ముందు ఉన్నవాళ్ళు రెండు వెనక. మామూలు ఆటలో మీరు గెలిస్తే జీబీ అర మారుతుంది, మిగతా అర ఎదుటివాడి ఫలితాన్ని బట్టి ఉంటుంది. ముఖాముఖిలో మీ గెలుపే వాడి ఓటమి, అందుకే ప్రతిదానికీ పూర్తి ఒకటి కదులుతుంది. మూడు ఆటలకి మూడు. ఆ తర్వాత మెట్స్ ఆఖరి మూడూ గెలిచారు, బ్రేవ్స్ మయామీలో మూడింట రెండు ఓడారు. అలా ఇద్దరూ 101 దగ్గర కలిశారు. కలిసి ఏం లాభం, అక్టోబరు 4నే బ్రేవ్స్ ఒక్క గెలుపుతో డివిజన్ ఖాయం చేసుకున్నారు.

రెండో స్థానం మెట్స్‌కి ఖరీదైనదే అయింది. మూడు ఆటల వైల్డ్ కార్డ్ సిరీస్ (ప్లేఆఫ్ తొలి దశ) ఆడాల్సొచ్చి, శాన్ డియాగో పాడ్రేస్ చేతిలో ఇంట్లోనే 2–1తో పోయారు. బావ సంబరం కూడా ఎంతోసేపు లేదనుకోండి. తర్వాతి సిరీస్‌లో బ్రేవ్స్‌ని 3–1తో ఇంటికి పంపింది అదే డివిజన్‌లో వీళ్ళిద్దరికీ 14 ఆటల వెనక మూడో స్థానంలో ఉన్న ఫిల్లీస్. వాళ్ళు ఏకంగా వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళారు. బావా బామ్మర్దులు నాలుగు నెలలు కొట్టుకుంటుంటే మూడోవాడి పేరు ఇద్దరి నోటా రాలేదు.

ఇప్పటి పట్టిక మీద వాదించేవాళ్ళకి ఒక సవరణ. 2023 నుంచి డివిజన్ ప్రత్యర్థితో ఆటలు 19 కాదు, 13. వెనకున్న జట్టుకి నేరుగా లాక్కునే అవకాశాలు ఆ మేరకు తగ్గాయి. కాబట్టి జూన్‌లో 'ఇంకా మీతో బోలెడు ఆటలున్నాయి కదా' అని ఎవరైనా అంటే షెడ్యూల్ తెరిచి లెక్కపెట్టండి. రెండో మూడో సిరీస్‌లే మిగిలి ఉంటే ఆ మాట చెల్లదు.

అభ్యాసం. 1978, అమెరికన్ లీగ్ ఈస్ట్, జూలై మధ్యలో ఒక రోజు:

బోస్టన్ రెడ్ సాక్స్ – 61 గెలుపులు, 28 ఓటములు
న్యూయార్క్ యాంకీస్ – 47 గెలుపులు, 42 ఓటములు

1. జీబీ ఎంత? ఈసారి అర తోక ఉందా, లేదా? ఎందుకు?

2. ఇద్దరికీ తలా 73 ఆటలున్నాయి. బోస్టన్ వాటిలో 37 గెలుస్తుందనుకోండి. సమానం కావాలంటే యాంకీస్ ఎన్ని గెలవాలి? ఏ వేగంతో? దాన్ని 162 ఆటల మీద పెట్టి, పైన 2022 బ్రేవ్స్‌కి వచ్చిన 112తో పోల్చండి.

3. సెప్టెంబరు 7 నుంచి 10 దాకా బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో ఇద్దరికీ నాలుగు ఆటలు. అప్పటికి యాంకీస్ 4 ఆటలు వెనక ఉన్నారు. నాలుగూ గెలిస్తే జీబీ ఎంత? రెండే గెలిస్తే?

4. యాంకీస్ అభిమాని వైపు నుంచి నాలుగు వాక్యాలు, బోస్టన్ అభిమాని వైపు నుంచి నాలుగు వాక్యాలు, జూలై తేదీ మీద నిలబడి రాయండి. తర్వాత ఏం జరిగిందో తెలిసినవాళ్ళు తెలియనట్టే రాయాలి.

వచ్చే పాఠంలో ఈ జవాబులతో మొదలుపెట్టి మ్యాజిక్ నంబర్‌కి వెళ్దాం.