రోజుకి 4 నిమిషాలు ముందుకు పరిగెత్తిన నా ఉల్క వాచీ

మూడేళ్లు డబ్బులు దాచి కొన్నా, లిమిటెడ్ ఎడిషన్, ఆటోమేటిక్ (బ్యాటరీ లేకుండా చేతి కదలికతో నడిచేది). డయల్ ఏమో నిజం ఉల్క ముక్క, 1906లో స్వీడన్‌లో బయటపడిన మువోనియోనలుస్టా ఉల్కది. వెలుగులో తిప్పితే అడ్డదిడ్డంగా గీతలు మెరుస్తాయి, ఇనుము-నికెల్ లక్షల ఏళ్లు మెల్లగా చల్లారితే వచ్చినవి, ఎవరూ గీసినవి కాదు.

పోయిన నెల సడన్‌గా రోజుకి 4 నిమిషాలు ఫాస్ట్. షాపాయన మూత కూడా తియ్యకుండా ఫుల్ సర్వీస్ అన్నాడు. నాకు డౌటొచ్చింది, రాత్రిళ్లు దాన్ని ట్యాబ్ కవర్ మీద పెడుతున్నా, దాంట్లో అయస్కాంతాలుంటాయి కదా, లోపల వాచీ వేగాన్ని నిలిపే సన్నటి చుట్ల స్ప్రింగ్, అదే హెయిర్‌స్ప్రింగ్, దానికి అయస్కాంతం పట్టి చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగ్ పొట్టిదైనట్టే, ఇంక వాచీ ముందుకి పరుగే. మా వాడి కంపాస్ దగ్గర పెడితే ముల్లు ఊగింది, కానీ ఇలాంటి వాచీకి ఆ టెస్టు దండగ, డయలే ఇనుము మరి!

చిన్న డీమాగ్నెటైజర్ తెప్పించా, పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే పరికరం. బటన్ నొక్కి పట్టుకునే వాచీని మెల్లగా మూరెడు పైకి లేపాలి, ఆ తర్వాతే బటన్ వదలాలి. మొదటిసారి తొందరపడి దగ్గరే వదిలేశా, ఏం మారలేదు. రెండోసారికి 6 సెకన్లకి దిగింది. ఇప్పుడు వాచీ బీరువాలో, ట్యాబ్ హాల్లో.