ఫిల్టరు నీళ్లలో చెడు రుచి: మూలం కనిపెట్టి సరిచేసే పద్ధతి

ఇంట్లో ఫిల్టరు చేసుకున్న నీళ్లు గుక్క వేయగానే తేడాగా అనిపిస్తే చాలామంది వెంటనే కార్బన్ కాట్రిడ్జ్ మార్చేస్తారు. ఆ పని ఒక్కోసారి ఫలిస్తుంది కానీ, రుచి పాడయ్యేది నిల్వ ట్యాంకులోనో, నీళ్లు పట్టుకునే సీసాలోనో అయినప్పుడు కొత్త కాట్రిడ్జ్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. రుచి ఎక్కడ పుడుతోందో తేల్చుకున్న తర్వాతే దేనిమీదైనా చెయ్యి వేయాలి.

అందుకు సబ్బు వాసన లేకుండా కడిగిన మూడు గాజు గ్లాసులు చాలు. మొదటిదానిలో ఫిల్టరులోకి వెళ్లే నీటిని, రెండోదానిలో ట్యాంకులో పడకముందే గొట్టం నుంచి పట్టిన నీటిని, మూడోదానిలో చివరి కుళాయి నీటిని సగం వరకు నింపాలి. చల్లదనం వాసనను అణచివేస్తుంది కాబట్టి మూడింటినీ గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. తర్వాత గ్లాసును అరచేత్తో మూసి, బాగా కుదిపి, చెయ్యి తీసిన మరుక్షణమే వాసన చూడాలి. శుద్ధి చేయని నీరు తాగడానికి పనికొస్తుందన్న నమ్మకం లేకపోతే దాన్ని వాసనతోనే సరిపెట్టాలి, నోట్లో పోసుకోకూడదు.

రెండో గ్లాసు బాగుండి మూడోది మాత్రమే ముక్కిపోయినట్టుంటే తప్పు ట్యాంకుది లేదా కుళాయిది. నా ఉద్దేశంలో ఎక్కువ మంది పట్టించుకోని చోటు ఇదే. కార్బన్ నీటిలోని క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి ఆ తర్వాత నిల్వ ఉండే నీటికి రక్షణ ఉండదు. సూక్ష్మజీవులు ట్యాంకు గోడలమీద జిగురు పొరలా పేరుకుంటాయి. కుళాయి మూతి లోపల దూది చుట్టిన పుల్లను ఒకసారి తిప్పి చూస్తే గోధుమ రంగు జిగురు అంటుకురావచ్చు.

శుభ్రం చేసేటప్పుడు ముందుగా విద్యుత్తు, నీటి సరఫరా ఆపి, కాట్రిడ్జ్‌లనూ, నీటిలోని లవణాలను ఆపే ఆర్‌ఓ పొరనూ బయటికి తీయాలి. క్లోరిన్ ఆ పలుచని పొరను పాడుచేస్తుంది, కార్బన్ క్లోరిన్‌ను మింగేస్తుంది. ట్యాంకును శుభ్రమైన బ్రష్షుతో రుద్ది కడిగాక, రంగూ సువాసనా కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్) ద్రావణాన్ని లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి నింపి, కుళాయి గుండా కొంచెం వదిలి, 30 నిమిషాలు ఉంచాలి. తర్వాత ఖాళీ చేసి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయేవరకు మంచినీటితో పలుమార్లు కడగాలి. ఈ ద్రావణంలో వెనిగర్‌గానీ మరే ఆమ్లంగానీ ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

రెండో గ్లాసులోనే క్లోరిన్ వాసన ఉంటే కార్బన్ శక్తి అయిపోయినట్టే, దాన్ని మార్చాలి. సరఫరా నీటిలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమిసంహారిణి) వాడుతున్నప్పుడు మామూలు కార్బన్ దాన్ని మెల్లగా మాత్రమే తొలగిస్తుంది కాబట్టి, దాన్ని వేగంగా విడగొట్టేలా తయారుచేసిన క్యాటలిటిక్ కార్బన్ మేలు. మట్టి వాసన సాధారణంగా చెరువులు, జలాశయాల్లోని నాచు వంటి జీవులు వదిలే జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. లీటరుకు 10 నానోగ్రాముల దగ్గరే మన ముక్కు దాన్ని పసిగట్టగలదు. దీనికీ తాజా కార్బనే మందు. కొత్త కార్బన్ మొదట్లో నల్లని పొడిని వదులుతుంది కాబట్టి తయారీదారు చెప్పినంత నీటిని పారబోశాకే తాగాలి.

ఆర్‌ఓ నీరు చప్పగా, కాస్త పుల్లగా ఉంటే అది పాడైన నీరు కాదు. పొర లవణాలను ఆపుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ను ఆపలేదు. లవణాలు తగ్గి, ఆ వాయువు మిగలడం వల్ల నీటికి ఆ రుచి వస్తుంది. చివర్లో కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) ఉన్న ఖనిజ కాట్రిడ్జ్ అమర్చితే రెండు లోపాలూ తీరతాయి. ఉప్పదనం పెరిగితే మాత్రం, నీటిలో కరిగిన లవణాల మోతాదు చూపే టీడీఎస్ మీటరుతో లోపలికి వెళ్లే నీటినీ, పొర నుంచి వచ్చే నీటినీ కొలిచి పోల్చాలి. రాత్రంతా ఆగి ఉన్న పొర నుంచి వచ్చే మొదటి నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి కొన్ని నిమిషాలు పారనిచ్చి కొలవాలి. లోపలికి వెళ్లే నీటికి మీటరు 500 చూపినప్పుడు, పొర నుంచి వచ్చే నీటికి 50 కంటే బాగా ఎక్కువ చూపితే పొర అరిగిందనో, దాని రబ్బరు వలయం నుంచి కారుతోందనో అనుమానించాలి.

తుప్పు రుచికి ఇనుము, చేదుతో కూడిన లోహపు రుచికి రాగి కారణం కావచ్చు. ఆర్‌ఓ తర్వాత లోహపు గొట్టాలుంటే ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ గొట్టాలు వేయాలి. కొత్త ట్యాంకు ప్లాస్టిక్ వాసన రెండు మూడుసార్లు నింపి పారబోస్తే చాలావరకు తగ్గుతుంది.

కిరోసిన్, పెట్రోలు లేదా పెయింటు వాసన వస్తే ఈ చిట్కాలేవీ ప్రయత్నించకుండా ఆ నీటిని తాగడానికీ, వంటకూ ఆపేయాలి, ఎందుకంటే అలాంటి రసాయనాలు భూమిలోని ప్లాస్టిక్ గొట్టాల గోడల గుండా కూడా లోపలికి చేరగలవు. ఫిల్టరుకు ముందున్న కుళాయి నుంచి శుభ్రమైన గాజు సీసాను గాలి మిగలకుండా నింపి, బిగించి, వాసన ఏ రోజు మొదలైందో, ఏయే కుళాయిల్లో వస్తోందో రాసి, నీటి పరీక్షశాలకూ సరఫరా సంస్థకూ తెలియజేయాలి.