సమానత్వ కన్సల్టెంట్ వికీపీడియాలో నిజాయితీగా రాయడం ఎలా?

ఉద్యోగాల్లో వివక్ష, సమాన వేతనం, వికలాంగులకు సౌకర్యాలు... ఇలాంటి వాటి మీద సంస్థలకు సలహాలిచ్చేవాళ్లకు వికీపీడియా తెరిస్తే చెయ్యి ఊరుకోదు. తప్పు కనబడుతుంది, దిద్దాలనిపిస్తుంది. దిద్దవచ్చు. కాకపోతే ఆ విషయం మీదే మీకు ఫీజు వస్తోంది కాబట్టి ముందు కొన్ని పనులు చేసుకోవాలి.

ఖాతాను సంస్థ పేరుతో కాకుండా మీ పేరుతోనో, కలం పేరుతోనో తెరవండి. ఆఫీసులో నలుగురూ కలిసి ఒకే ఖాతా వాడకూడదు.

తర్వాత వాడుకరి పేజీలో, అంటే మీ ఖాతాకు ఉండే పరిచయ పేజీలో, మీరేం పని చేస్తారో రెండు వాక్యాల్లో చెప్పండి. ఎవరైనా డబ్బిచ్చి రాయిస్తుంటే ఇది మీ ఇష్టానికి వదిలేసిన సంగతి కాదు. ఎవరు డబ్బిస్తున్నారో, ఎవరి తరఫున రాస్తున్నారో చెప్పి తీరాలని వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నియమాల్లో 2014లోనే చేర్చారు.

వికీపీడియాలో మీ క్లయింట్ మీద ఉన్న పేజీ జోలికి నేరుగా వెళ్లకండి. అసలు చిక్కంతా ఇక్కడే. పేజీలో నిజంగానే తప్పుంటే దాని చర్చా పేజీలో (ప్రతి వ్యాసానికీ పక్కనే ఉంటుంది, మార్పుల గురించి మాట్లాడుకునేది అక్కడే) ఇలా రాయండి: "రెండో పేరాలో 'సిబ్బందిలో మహిళలు 40 శాతం' అని ఉంది. కింద ఇచ్చిన మూలంలో ఉన్నది ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్లలో 40 శాతం అని. సరిచేయగలరా? ఈ సంస్థ నా క్లయింట్." ఈ ఉదాహరణలో దిద్దుబాటు వల్ల క్లయింట్ గొప్ప కాస్త తగ్గుతుంది. అయినా చెప్పాలి, ఇలాంటివి చెబితేనే మిగతావి నమ్ముతారు. జవాబుకు రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. "మా మీద వచ్చిన వివక్ష ఫిర్యాదు తీసేయించండి" అని క్లయింట్ అడిగితే, అది నా చేతిలో లేదని ఒప్పందం రోజునే చెప్పేయండి, తర్వాత టెన్షన్ ఉండదు.

క్లయింట్లతో సంబంధం లేని వ్యాసాల్లో మాత్రం మీ చదువు బాగా పనికొస్తుంది: చట్టాల చరిత్ర, ఉద్యమాలు, పరిభాష. అయితే శిక్షణ తరగతుల్లో మీరు కళ్లారా చూసింది మూలం కాదు, అచ్చయిన నమ్మదగిన రచన కావాలి. మీ సొంత నివేదికే సరైన ఆధారం అనిపిస్తే, చేర్చాలా వద్దా అన్నది చర్చా పేజీలో వేరేవాళ్లకు వదిలేయండి. "వైవిధ్యానికి పెద్దపీట వేసే" లాంటి మాటలు కొట్టేయండి. మన ఉద్దేశం మంచిదే అయినా అది ప్రచారమే.

మరుగున పడిన వ్యక్తుల గురించి రాయాలనుకుంటే, వాళ్లతో సంబంధం లేనివాళ్లు రాసిన మూలాలు ముందే పోగు చేసుకోండి. భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ మీద రాసిన చిత్తుప్రతిని మూలాలు చాలవని 2018 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో తిప్పికొట్టారు. అక్టోబరులో ఆమెకు నోబెల్ వచ్చింది!

బతికున్నవాళ్ల మతం, లైంగికత లాంటివి వాళ్లే బహిరంగంగా చెప్పుకుంటే తప్ప రాయకండి. వృత్తిలో భాగంగా మీ చెవిన పడినవైతే అసలే వద్దు.

మీ మార్పును ఎవరైనా తిరగ్గొడితే, అంటే తీసేసి పాత రూపం పెడితే, మళ్లీ పెట్టేయకండి. చర్చా పేజీలో కారణం అడగండి. మద్దతుకు ఆఫీసు స్నేహితులను మాత్రం పిలవకండి. కొత్త ఖాతాలు నాలుగు ఒకేసారి వచ్చి ఒకే మాట అంటే అక్కడివాళ్లు ఇట్టే పట్టేస్తారు.