వానలు దిగకముందే: లిఫ్ట్ చేసిన జీపుకి టైర్లు, రిమ్ములు మార్చేవాళ్ళకి

మే నెలాఖరు వచ్చేసరికి మన వైపు జీపు ఉన్న ప్రతివాడికీ ఒకటే దురద. జూన్‌లో వానలు దిగుతాయి, గెడ్డలు పారతాయి, సీతంపేట కొండల్లోకో తాటిపూడి వెనక్కో ఒక ఆదివారం పోవాలి, ఈలోపు పెద్ద టైర్లు ఎక్కించేయాలి. లిఫ్ట్ కిట్టు వేయించినవాళ్ళకి ఇంకా తొందర, ఎందుకంటే పైకి లేచిన బండి కింద పాత టైర్లు సన్నగా కనబడతాయి, చూసినవాళ్ళు "కొంగ కాళ్ళలాగున్నాయేటి బాబూ" అని నవ్వుతారు. నన్నూ నవ్వారు. ఆ ఉక్రోషంలో నేను చేసిన పని ముందు చెబుతాను.

నా పాత జిప్సీకి రెండంగుళాల లిఫ్ట్ వేయించి, 205/70 ఆర్15 టైర్లు తీసేసి 235/75 ఆర్15 ఎక్కించాను (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు). అంతవరకూ ఫర్వాలేదు. బయటికి పొడుచుకొచ్చినట్టుంటే బండికి అందం వస్తుందని ఎనిమిదంగుళాల వెడల్పు రిమ్ములు తీసుకున్నాను, ఆఫ్‌సెట్ ఎంతని కూడా అడగలేదు. షాపు ముందు సిమెంటు నేల మీద స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి చూశాం, ఎక్కడా తగల్లేదు, డబ్బులిచ్చి వచ్చేశాను. మూడో వారం పాలకొండ దాటాక ఏజెన్సీ రోడ్డులో వాన పడుతుండగా ఒక మలుపులో స్టీరింగ్ మొత్తం తిప్పి ఉన్నాను, సరిగ్గా అప్పుడే ముందు ఎడమ చక్రం దగ్గర బండి గుంతలోకి కుంగింది, పర్రుమని చప్పుడు. దిగి చూస్తే మడ్‌గార్డ్ వెనక అంచు రేకు టైరు పక్క గోడని, అంటే సైడ్‌వాల్‌ని, వేలెడు పొడుగున కోసేసింది. సైడ్‌వాల్ కోతకి పంక్చర్ అతుకు పనిచేయదు. స్టెప్నీ చూస్తే పాత సైజుది. ముందు ఒక పక్క పెద్ద టైరు, ఒక పక్క చిన్న టైరు పెట్టుకుని, ఫోర్ వీల్ వేయకుండా, నడిచేవాళ్ళు దాటిపోతుంటే ఇంటికి చేరాను.

నేను అనుకున్నదేంటంటే లిఫ్ట్ చేశాం కదా, ఖాళీ పెరిగింది కదా అని. బండి నిలబడి ఉన్నప్పుడు పెరిగిన మాట నిజమే. కానీ స్ప్రింగులు, కమాన్లు పెంచి చేసిన లిఫ్ట్‌లో చక్రం గట్టిగా పైకి తన్నినప్పుడు యాక్సిల్ ఎంతవరకు లేస్తుంది? బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ తగిలేదాకా. ఆ దిమ్మ కంపెనీ పెట్టిన చోటే ఉంటే, లిఫ్ట్‌కి ముందు ఎంత ఎత్తుకి లేచేదో ఇప్పుడూ అంతే లేస్తుంది. అంటే గుంతలో పడ్డ క్షణంలో మీ మడ్‌గార్డ్‌లో ఉన్న ఖాళీ లిఫ్ట్ లేని బండికి ఉన్నంతే. దిమ్మ కింద ముక్క వేసి దించితే తప్ప పెద్ద టైరుకి చోటు రాదు. బాడీ లిఫ్ట్ సంగతి వేరు, అందులో బాడీనే ఛాసిస్ మీద నుంచి లేపుతారు కాబట్టి ఖాళీ నిజంగానే వస్తుంది. మీ బండికి వేసినది ఏ రకమో ముందు మేస్త్రీని అడగండి. చాలామందికి తమ బండి సంగతే తెలియదు, నాకూ తెలిసేది కాదు.

ఇంకో మాట, జిప్సీ లాంటి గట్టి యాక్సిల్ (రెండు పక్కల చక్రాలకీ కలిపి ఒకే ఇరుసు) బండికి ఎన్ని అంగుళాల లిఫ్ట్ వేసినా యాక్సిల్ మధ్యలో ఉండే హౌసింగ్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది టైరే. కాబట్టి పెద్ద టైరు కావాలనుకోవడం తప్పేమీ కాదు, ఎంత పెద్దది అన్నదే లెక్క చూసుకోవాలి. 205/70 ఆర్15 ఎత్తు 668 మిల్లీమీటర్లు, 235/75 ఆర్15 ఎత్తు 733. తేడా 65, అందులో సగం, అంటే ముప్పైరెండు మూడు మిల్లీమీటర్లు, హౌసింగ్ కింద కలిసొస్తుంది. ఇది మీరే లెక్క కట్టుకోవచ్చు: మొదటి అంకెని రెండో అంకె శాతంతో గుణించి, రెండింతలు చేసి, రిమ్ము అంగుళాలని 25.4తో గుణించి కలపండి.

ఇప్పుడు అసలు గొడవ, రిమ్ము వెడల్పు. ప్రతి టైరుకీ ఎంత వెడల్పు రిమ్ము నుంచి ఎంతవరకు వేయొచ్చో కంపెనీ ఇస్తుంది. 235/75 ఆర్15కి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. 215/75 ఆర్15కి అయిదున్నర నుంచి ఏడు. మన దగ్గర జిమ్నీలు తిరుగుతున్నాయి కదా, వాటి రిమ్ము అయిదున్నర. దాని మీద 195/80 ఆర్15 తీసి 215/75 వేస్తే రిమ్ము మార్చక్కర్లేదు, ఎత్తు పెరిగేది కూడా 10 మిల్లీమీటర్లే. అదే రిమ్ము మీద 235 ఎక్కించేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎక్కుతుంది, కాదనను, పంక్చర్ షాపు కుర్రాడు రెండు దెబ్బలు కొట్టి ఎక్కించేస్తాడు, కానీ టైరు మధ్యలో ఉబ్బి అక్కడే అరిగిపోతుంది, మలుపుల్లో బండి ఊగుతుంది.

వెడల్పు రిమ్ము వేస్తే ఇంకో రకం ఇబ్బంది. అరంగుళం వెడల్పు పెరిగితే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు పక్కకి సాగుతుంది, సైడ్‌వాల్ నిటారుగా అయిపోయి రిమ్ము అంచు బయటపడుతుంది. మన గెడ్డల్లో అడుగున గుండ్రాళ్ళు. ఆ రాయి తగలాల్సింది ఉబ్బిన రబ్బరుకి, రిమ్ము అంచుకి కాదు. అదీ కాక గాలి తగ్గించి నడిపేటప్పుడు వెడల్పు రిమ్ము మీద టైరు అంచు జారిపోయే భయం ఎక్కువ. నా మట్టుకు నాకు, కొండల్లోకి పోయే బండికి కంపెనీ చెప్పిన కొలతల్లో కింది సగంలోనే ఉండాలి. 235కి ఆరున్నర, మహా అయితే ఏడు. ఎనిమిది వేసేది ఫొటోలకే.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము నడిమి గీత నుంచి హబ్బుకి ఆనే పళ్ళెం ఎంత దూరంలో ఉందో ఆ కొలత. రిమ్ము లోపలి వైపు ఈటీ అనే అక్షరాల పక్కన అంకె పోత పోసి ఉంటుంది, ప్లస్ అయితే చక్రం లోపలికి, మైనస్ అయితే బయటికి. ఉదాహరణకి ఆరంగుళాల ప్లస్ 20 రిమ్ము తీసి ఎనిమిదంగుళాల మైనస్ 20 వేశారనుకోండి. వెడల్పు పెరిగినందుకు బయటికి 25 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ మారినందుకు ఇంకో 40, మొత్తం 65 మిల్లీమీటర్లు చక్రం బయటికి వచ్చేసింది. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు మూల గీసే వలయం పెద్దదై బంపర్‌కీ మడ్‌గార్డ్ వెనక అంచుకీ తగులుతుంది. వీల్ బేరింగుల మీద బరువు పెరుగుతుంది, గుంత పడితే స్టీరింగ్ చేతిలో కొడుతుంది. ఇక టైరు మడ్‌గార్డ్ దాటి ఉంటే వానలో వెనక బైకువాడి ముఖాన బురదా రాళ్ళూ. స్పేసర్లు, అంటే హబ్బుకీ రిమ్ముకీ మధ్య బిళ్ళలు, పెట్టి బయటికి తోయడం కూడా ఇదే కథ, పైగా బోల్టుల గొడవ అదనం.

సన్నదా వెడల్పుదా అంటే ఎక్కడికి పోతారో చెప్పండి. గెడ్డ, బురద కింద గట్టి నేల, ఎర్రమట్టి ఘాటీ, ఇలాంటి చోట సన్న టైరు బురదని కోసుకుని అడుగున పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఎన్‌హెచ్ 16 మీద నీళ్ళు నిలిచినప్పుడు కూడా వెడల్పు టైరే ముందు తేలిపోతుంది. కళింగపట్నం, బారువ వైపు ఇసకలోకైతే వెడల్పు కొంత సాయం చేస్తుంది కానీ అక్కడ అసలు పని గాలి దించడం, 18, 20 పీఎస్ఐ దాకా దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. మళ్ళీ తారు ఎక్కే ముందు నింపుకోవాలి, కంప్రెసర్ లేకుండా దించకండి. (జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, అప్పుడు బండి అటు తిప్పనే వద్దు.)

టైరు పెరిగితే మీటరు అబద్ధం చెబుతుంది. నా బండికి తేడా దాదాపు పది శాతం, మీటరులో 60 ఉంటే నిజంగా 66. గేరు లాగదు, 1.3 లీటర్ల ఇంజనుకి అనంతగిరి ఘాటీలో సెకండ్ దాటదు. బ్రేకు వేసినా బండి ఇంకాస్త ముందుకెళ్ళి ఆగుతుంది, వాన రోడ్డు మీద ఇది గుర్తుండాలి. థార్ వాళ్ళు ఇప్పటికే 255/65 ఆర్18 మీద 31 అంగుళాల దగ్గర ఉన్నారు, వాళ్ళు 33 కోసం తాపత్రయపడే ముందు ఒక వానాకాలం ఉన్న టైర్లతో నడిపి చూడమంటాను.

కొనేటప్పుడు నాలుగు కాదు, అయిదు కొనండి. స్టెప్నీ సైజు వేరైతే కొండలో ఫోర్ వీల్ వేయలేరు, వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) పోతుంది. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ బరువైతే కీళ్ళు సాగుతాయి, అదీ చూసుకోండి. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడులో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 3024 అంటే 2024లో ముప్పైయ్యో వారం. లోడ్ ఇండెక్స్, అంటే టైరు మోయగల బరువు చెప్పే అంకె, పాతదానికి తగ్గకూడదు. అల్లాయ్ రిమ్ముకి, ఇనుప డిస్కు రిమ్ముకి నట్ల ఆనుడు వేరుగా ఉండొచ్చు, రిమ్ముతో పాటు సరైన నట్లు అడగండి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించండి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ కొలతలు మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట చూసేది చక్రాలే.

డబ్బులిచ్చే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. షాపువాడితో మాట్లాడి ఒక్క ముందు చక్రానికి టైరు ఎక్కించండి. ఆ చక్రాన్ని మోకాలెత్తు మట్టి గట్టు మీదికి మెల్లగా ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. మడ్‌గార్డ్ లోపల, బంపర్ మూలలకి ముందే తడి మట్టి పూయండి, ఎక్కడ చెరిగితే అక్కడ తగులుతున్నట్టు. కమాను వైపు, బ్రేకు పైపు వైపు కూడా లైటు వేసి చూడండి. వేలు దూరనంత ఖాళీ ఉంటే వద్దనేయండి, బురద పట్టాక అది కూడా ఉండదు.

పెద్ద టైర్లున్నాయని పొంగిన గెడ్డలో దిగడం మాత్రం మానండి. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి, మన దగ్గర ఎండ కాస్తుండగానే పైన వాన నీళ్ళు వచ్చి పడతాయి. టైరు పెద్దదైన కొద్దీ నీటి తోపుడుకి దొరికే వైశాల్యమూ పెద్దదే.

నేను ఇప్పుడు అదే 235ని ఆరున్నర రిమ్ము మీద నడుపుతున్నాను, దిమ్మలు దించాను, రేకు అంచు లోపలికి మడిపించాను. ఎనిమిదంగుళాల రిమ్ములు కల్లంలో టార్పాలిన్ ఎగరకుండా బరువుకి పనికొస్తున్నాయి. మొన్న బొబ్బిలి నుంచి ఒకాయన అమ్ముతావా అని ఫోన్ చేశాడు, ఆఫ్‌సెట్ ఎంతో చెప్పి ఆయన బండి సంగతి అడిగాను, ఆలోచించుకుని చెబుతానన్నాడు, మళ్ళీ చేయలేదు.