మొదటి బిడ్డకు పాలిస్తూనే రెండో బిడ్డ కోసం ప్రయత్నించే ముందు జాగ్రత్తలు

• ముందు ఎడం చూసుకోండి. కాన్పయ్యాక మళ్లీ ప్రయత్నించడానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సిజేరియన్ అయి ఉంటే డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

• నెలసరి రాలేదు కదా, గర్భం రాదులే అనుకోకండి. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు.

• బిడ్డ పాలు తాగుతున్నప్పుడు పెరిగే ప్రొలాక్టిన్ హార్మోన్ అండం విడుదలను ఆపుతుంది. రాత్రిపూట తరచూ పాలిస్తే ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. బిడ్డ ఏడాది దాటి, అన్నం బాగా తింటుంటే రాత్రి పాలు ఒక్కోసారి చొప్పున మెల్లగా తగ్గించి చూడండి. "పాలు మాన్పిస్తేనే కడుపు పండుతుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు తొందరపెట్టినా, వేపాకు రాసి ఒక్కసారిగా మాన్పించకండి. రొమ్ములు గట్టిపడి జ్వరం రావచ్చు, బిడ్డా బెంగపెట్టుకుంటుంది. నెలసరి సక్రమంగా వస్తుంటే పాలు పూర్తిగా మాన్పించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ఈ టెన్షన్ మీకొద్దు.

• ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) రోజుకు 400 మైక్రోగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం నెల ముందు నుంచి వేసుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

• అండం విడుదలకు మందులు సొంతంగా కొని వాడొద్దు. కొన్నిటివల్ల పాలు తగ్గుతాయి. పాలిస్తున్నానని డాక్టరుకు తప్పక చెప్పండి.

• గతంలో గర్భస్రావం, నెలలు నిండని కాన్పు అయి ఉంటే అదీ దాచకండి.