ఇల్లు, పెరడు డిజైన్‌కు హైదరాబాద్‌లోనే ఆలోచనలు ఏరుకోవడం ఎలా?

ముందు మీ ఇంటి లెక్క రాసుకోండి. గది పొడవు, వెడల్పు, కిటికీ ఏ దిక్కుకుంది, ఎండ ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోతుంది. ఇవి లేకపోతే ఫోన్‌లో దాచుకున్న ఫొటోలు వందున్నా అక్కరకు రావు.

తర్వాత ప్రతి ఫొటో పక్కన ఒక్క మాట రాయండి: నచ్చింది రంగా, వెలుతురా, ఖాళీ జాగానా? చాలామందికి నచ్చేది వెలుతురే. అది గుర్తించక సోఫా కొంటారు, తీరా మన హాల్లో అది వెలవెలబోతుంది.

ఇక టేపు, నోటుబుక్కు తీసుకుని బయల్దేరండి. రోజుకు ఒక్క చోటు చాలు.

పడమటి ఎండతో బాధపడేవాళ్లు సంతోష్‌నగర్ దగ్గరి పైగా వంశపు నవాబుల సమాధుల్లో జాలీలు, అంటే కన్నాలు చెక్కిన పలకలు, చూడాలి. తాకకుండా, కన్నం ఎంత, పలక మందం ఎంత అని కంటితోనే పోల్చండి. కిటుకంతా అక్కడే ఉంది. కన్నం ఎత్తుకు సమానంగా మందం ఉంటే, 45 డిగ్రీల కంటే పైనున్న ఎండ నేరుగా లోపలికి రాదు. ఈ రోజుల్లో బాల్కనీలకు బిగిస్తున్న 12 మిల్లీమీటర్ల బోర్డు జాలీకి 3 అంగుళాల కన్నాలు పెడితే అందమే మిగులుతుంది, ఎండ ఆగదు. పైగా ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన బోర్డు) అయితే వానకు ఉబ్బిపోతుంది. సాయంత్రం వాలిన ఎండ ఏ జాలీలోంచైనా దూరుతుంది కాబట్టి వెదురు తడకో, తీగ మొక్కో తోడుండాలి.

ఖాళీ జాగా నచ్చినవాళ్లు చౌమహల్లా ప్యాలెస్‌లో కొలనుకీ భవనానికీ మధ్య ఎంత ఖాళీ వదిలారో అడుగులు వేసి లెక్కపెట్టండి.

తోట కోసమైతే కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు మే నెలలో వెళ్లండి. వానాకాలంలో అన్నీ పచ్చగానే ఉంటాయి. మండుటెండలో నిలబడ్డ మొక్కల పేర్లే రాసుకోండి. మీ స్థలంలో గ్రానైట్ గుండు ఉంటే దయచేసి పగలగొట్టించకండి, అది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. దాని చుట్టూనే తోట గీయండి. బాల్కనీలో తోటకు బరువు చూసుకోవాలి: తడిసిన మట్టి ఘనపుటడుగుకు సుమారు 45 కిలోలు తూగుతుంది.

తాండూరు బండ నచ్చితే వంటగది గట్టుకు మాత్రం వద్దు. అది సున్నపురాయి, నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మెరుపు పోతుంది.

చివరగా, ఖర్చుకు ముందు పరీక్ష. ఎంచుకున్న రంగును గోడ మీద 2 అడుగుల చదరంలో రెండు పూతలు వేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపాల వెలుగులో చూడండి. మంచం, సోఫా పట్టే జాగాలో పాత పేపర్లు పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. తోటలో బాట వంపు ఎలా ఉండాలో నీళ్ల పైపు పరిచి చూసుకోవచ్చు. ఇద్దరు పక్కపక్కన నడవాలంటే 4 అడుగుల వెడల్పు వదలండి.