నాలుగు రోజుల గడ్డం మంట లేకుండా తీయాలంటే

రిటైరయ్యాక రోజూ గడ్డం గీసుకునే అలవాటు పోయింది. నాలుగు రోజులకోసారి అద్దం ముందు నిలబడితే ఆ తెల్ల వెంట్రుకలు ముళ్లలా గుచ్చుకుంటూ, బ్లేడు పెట్టగానే పీకినట్టు మంట.

ఇప్పుడు స్నానం అయ్యాకే గీసుకుంటున్నా. తడి ఆరకముందే 4, 5 చుక్కల కొబ్బరినూనె రాసి, పైన సబ్బు నురగ పట్టించి 2 నిమిషాలు ఆగాలి. (తొందరేముంది, ఆఫీసు బస్సు పోయేది లేదుగా!) తర్వాత వెంట్రుక వాలునే, నొక్కకుండా గీయాలి. మెడ దగ్గర చర్మం వదులవుతుంది కాబట్టి రెండో చేత్తో కాస్త లాగి పట్టుకోవాలి. చివర్లో రేజరును వేడినీళ్లలో బాగా ఆడించండి, లేకపోతే జిడ్డుకు వెంట్రుకలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటాయి.

వారం దాటిన గడ్డానికి మాత్రం ఇది పనిచేయదు. ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోవాల్సిందే.